కొలబద్దకి బదులు

మా పత్రికకి రాసేవాళ్ళకి ఐదే నియమాలు.
వెనక అట్ట లోపలివైపు చీమతలంత అక్షరాల్లో ఉంటాయి.
వ్యాసం రెండు పుటలు దాటకూడదు.
ఫోటో కిటికీ వెలుగులో తియ్యాలి, ఫ్లాష్ పడితే గాజు గుడ్లు తేలేస్తుంది.
ఎక్కడ దొరికిందో రాయాలి, ఎంతకి కొన్నారో రాయకూడదు.
వస్తువు పక్కన కొలబద్ద పెట్టాలి.
దయచేసి పెన్సిల్‌తో రాయొద్దు.

ఐదోది ఎండెల్ కోసమే పెట్టాను.
నాలుగోదీ అంతే.

హీయుమా దీవి నుంచి ఏడాదికి నాలుగుసార్లు
పొగబెట్టిన చేప వాసనతో ఒక కవరు వచ్చేది.
టెలిగ్రాఫ్ స్తంభాల నెత్తిన కూర్చున్న పింగాణీ బుడిపెలు,
ఆకుపచ్చ గాజు గంటలు,
జార్ కాలపు రెండు తలల గద్ద ముద్ర ఉన్నదొకటి,
పిడుగు పడి సగం చిట్లినదొకటి,
అన్నీ ఒకే పాత తలుపుచెక్క మీద నిలబడి ఫోటో దిగేవి.
ప్రతిదాని పక్కనా కాపలా సిపాయిలా
ఆయన బొటనవేలు.

విల్యాండిలో, నా వంటింటి బల్ల మీద,
రొట్టెముక్కలు పక్కకి తుడిచి
ఆ వేలిని కత్తిరించేదాన్ని.
పదకొండేళ్ళు కత్తిరించాను.
కత్తెరకి అలవాటైపోయింది.

ఒక వసంతంలో నాకు పంటినొప్పి.
పుటలు కూర్చే పని మేనల్లుడికి అప్పజెప్పాను.
వాడికి కత్తెర దొరకలేదో, బద్ధకమో,
నూట ముప్పై ప్రతుల్లో ఆ వేలు అచ్చయిపోయింది,
నల్లటి వంకర గోరుతో సహా.

వల్మియెరా నుంచి ఇమాంట్స్ ఉత్తరం:
"పదకొండో పుటలో ఎడమవైపు వస్తువు ఏ ఫ్యాక్టరీది?
ముద్ర కనబడటం లేదు."
టార్టు నుంచి హెల్గి, మ్యూజియం ఉద్యోగి, కార్డు ముక్క:
"మనది శాస్త్రమా, సంతా?"

నేను ఎండెల్‌కి ఘాటుగానే రాశాను.
జవాబుగా వ్యాసం వచ్చింది.
పెన్సిల్‌తో. సరిగ్గా రెండు పుటలు.
శీర్షిక: నా బొటనవేలు.

"పొడవు: ఆరు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు.
తయారీ: ఎమ్మాస్తె, వెయ్యిన్ని తొమ్మిదివందల నలభై ఒకటి.
లోపాలు: అరవై ఎనిమిది చలికాలంలో తీగ తెగి తన్నింది.
గోరు ఊడింది. కొత్తది వచ్చింది, దాని ఇష్టం వచ్చినట్టు.
స్థితి: వాడకంలో ఉంది. అమ్మకానికి లేదు.

నా దగ్గర కొలబద్ద లేక కాదు.
స్తంభం మీద ఒక చెయ్యి స్తంభానికి, ఒక చెయ్యి పనికి.
కొలబద్దకి మూడో చెయ్యి ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.
నేను మూడు ప్రభుత్వాలని చూశాను.
తీగ ఎంత జారిందో, బోల్టు ఎంత అరిగిందో,
ముప్పై నాలుగేళ్ళు ఈ వేలే చెప్పింది.
ఒక్కసారే తప్పు చెప్పింది. అప్పుడు నేను తాగి ఉన్నాను."

కామా కూడా మార్చకుండా వేశాను.
కాదు, రెండు కామాలు మార్చాను.

ఆ శరదృతువు సంచికకి ఇమాంట్స్ పంపిన గోధుమరంగు పింగాణీ కింద
ఎత్తు: ఒకటిన్నర ఎండెల్, గోరు తక్కువ.
తుర్కు నుంచి ఒకావిడ: రెండు ఎండెల్‌లు, బిగుతుగా.
హెల్గి అయితే మార్పిడి పట్టిక పంపింది,
మిల్లీమీటర్ల నుంచి ఎండెల్‌లకి, దశాంశాలతో.
సంతేనని ఒప్పుకున్నట్టా, శాస్త్రమయిందనా,
నేను అడగలేదు.

ఎండెల్‌కి మాత్రం ఇదంతా నచ్చలేదు.
"నా వేలు వాడుకుంటున్నారు, చందా తగ్గించండి" అని రాశాడు.
తగ్గించాను.

నిన్న పైదె నుంచి కొత్త కవరు.
మార్లీన్, వయసు పద్నాలుగు, మొదటి వ్యాసం.
రైలు పట్టాల పక్క గుంటలో దొరికిన నీలి గాజు.
కిటికీ వెలుగు. తెల్ల కాగితం. సిరా కలం. నిటారుగా కొలబద్ద.
ఇంత బుద్ధిగా ఇన్నేళ్ళలో ఎవరూ పంపలేదు.
కొలబద్దకి అవతల, సగం ఊడిన ఊదారంగు గోళ్ళరంగుతో
ఒక చిన్న బొటనవేలు.
కింద ఒక్క వాక్యం:
"ఇంకా పెరుగుతోంది, వచ్చే సంచికకి మళ్ళీ కొలవాలి."

నాలుగో నియమం మార్చాలా వద్దా అని
బల్ల దగ్గర కూర్చున్నాను.
అచ్చుకి శుక్రవారం దాకా టైముంది.